పసుపు మాత్ర ఒంటబట్టాలంటే

ప్రశ్న: నా వయసు 58. మాది ఆర్మూరు దగ్గర పల్లె. మేము స్వయంగా పసుపు పండించేవాళ్ళమే. రెండేళ్ళుగా రెండు మోకాళ్ళూ నొప్పి పెడుతున్నాయి. ఎక్స్‌రే చూసి డాక్టరు గారు అరుగుదల అన్నారు. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ పంపాడు. మూడు నెలల నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున, బీపీ మాత్రతో పాటు వేసుకుంటున్నాను. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పసుపు ఉత్తగా తింటే ఒంటబట్టదని, దేనితోనైనా కలిపి తీసుకోవాలని అందరూ అంటున్నారు. ఎలా తీసుకోవాలి? బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను.

జవాబు: అమ్మా, పసుపు సులువుగా ఒంటబట్టదన్న మాట నిజమే. ఎందుకు పట్టదో తెలిస్తే, దేనితో కలిపి తీసుకోవాలన్నది మీకే అర్థమవుతుంది. అయితే మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపిన విషయం మరొకటి ఉంది. పసుపుకు మిరియాల సారం తోడు చేసి, ఆ రెంటినీ బీపీ మాత్రతో కలిపి ఒకే గుక్కలో వేసుకుంటున్నారు. దాని సంగతి కూడా చెబుతాను.

పసుపులో కీళ్ళకు మేలు చేస్తుందని పరిశోధకులు ఎక్కువగా పరిశీలించిన పదార్థం కర్క్యుమిన్. దాన్నీ, దాని తోబుట్టువుల వంటి మరో రెండు పదార్థాలనూ కలిపి కర్క్యుమినాయిడ్లు అంటారు. మామూలు పసుపు పొడిలో ఇవి 100 గ్రాములకు సుమారు 3 గ్రాములు ఉంటాయి. కర్క్యుమిన్ నీటిలో కరగదు, నూనెలో, నెయ్యిలో కరుగుతుంది. ఉత్త నీళ్ళతో పరగడుపున మింగినప్పుడు అందులో అధిక భాగం పేగు గోడను దాటకుండానే మలంతో వెళ్ళిపోతుంది. దాటిన కొద్దిపాటిని కూడా పేగు గోడలోని కణాలు, ఆ తరువాత కాలేయం వదిలిపెట్టవు. దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో తగిలించి, నీటిలో కరిగే రూపానికి మార్చి, పిత్తం ద్వారా, మూత్రం ద్వారా బయటికి పంపేస్తాయి. శరీరం తనకు కొత్తగా తోచిన ప్రతి పదార్థాన్నీ ఇలాగే సాగనంపుతుంది. కర్క్యుమిన్ విషయంలో ఆ పని మరీ చురుకుగా సాగుతుంది, అంతే.

కాబట్టి దాటవలసిన గడపలు రెండు: కరగకపోవడం ఒకటి, కాలేయం, పేగు కలిసి వెంటనే మార్చివేయడం రెండవది. కొవ్వుతో కలిపి తీసుకోవడం మొదటి గడపను దాటిస్తుంది. మిరియం దాటించేది రెండవదాన్ని. ఈ తేడా చాలా ముఖ్యం.

మిరియంలో ఘాటుకు కారణమైన పైపెరిన్, కర్క్యుమిన్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించే ఎంజైములను కాసేపు అడ్డుకుంటుంది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో అది దాదాపు కనిపించనే లేదు. అదే మోతాదుకు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ జోడిస్తే రక్తంలో దాని లభ్యత 2000 శాతం పెరిగింది. నేడు పసుపు సీసాల మీద కనిపించే '20 రెట్లు' అన్న మాటకు మూలం ఆ ప్రయోగమే. మన దేశంలో జరిగిన ఆ పని ప్రపంచమంతటా పసుపు మాత్రల తయారీని మార్చివేసింది. అందుకు మనం గర్వించవచ్చు. కానీ పైపెరిన్ ఆపివేసే ఎంజైములు కర్క్యుమిన్ కోసమే పుట్టినవి కావు. మనం వేసుకునే అనేక మందులను విరగ్గొట్టి బయటికి పంపేవి కూడా అవే, లేదా వాటి పక్కనే పనిచేసేవి. ఫెనిటోయిన్, ప్రొప్రనొలాల్, థియోఫిలిన్ అనే మందులు పైపెరిన్‌తో కలిసినప్పుడు రక్తంలో ఎక్కువ స్థాయికి చేరుతాయని మనుషులలో జరిపిన ప్రయోగాలే చూపాయి. మీరు వాడే ఆమ్లోడిపిన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైము కూడా పైపెరిన్ అడ్డుకోగలిగిన వాటిలో ఒకటి. మీకు హాని జరిగిందని నేను అనడం లేదు. ఈ మూడు నెలల్లో కొత్తగా చీలమండల దగ్గర వాపు గాని, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం గాని గమనించి ఉంటే మాత్రం ఆ సంగతి మీ డాక్టరు గారికి తప్పక చెప్పండి. మీరు పసుపు మాత్ర వేసుకుంటున్నట్లు ఆయనకు తెలియకపోతే బీపీ మందు మోతాదు గురించి తప్పుడు అంచనాకు వచ్చే ప్రమాదం ఉంది. చారులో నలిగే నాలుగు మిరియాల గురించి ఇంత ఆలోచన అక్కరలేదు. రోజూ సాంద్రీకరించిన సారాన్ని మందుతో పాటు మింగడం గురించే నా మాట.

ఇక మీరు ఏం చేయాలి? మొదట సీసా వెనుక చదవండి, లేదా అబ్బాయి చేత చదివించుకోండి. 'పసుపు పొడి 500 మిల్లీగ్రాములు' అని ఉంటే అందులో కర్క్యుమినాయిడ్లు 15 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాయి. 'పసుపు సారం 500 మిల్లీగ్రాములు, 95 శాతం కర్క్యుమినాయిడ్లు' అని ఉంటే 475 మిల్లీగ్రాములు ఉంటాయి. రెండు సీసాల మీదా ముందువైపు ఒకే పెద్ద అక్షరాలు కనిపించవచ్చు. మీ నొప్పిలో తేడా కనిపించకపోవడానికి కారణం మొదటి రకం సీసా కూడా కావచ్చు.

రెండవది, పరగడుపున మానేయండి. మధ్యాహ్న భోజనంలో, రాత్రి భోజనంలో, పప్పు నెయ్యి కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాక ఒక్కొక్క మాత్ర వేసుకోండి. కొవ్వు పేగులోకి చేరగానే పిత్తం విడుదలవుతుంది. ఆ పిత్తంలోనే కర్క్యుమిన్ కరిగి గోడను దాటుతుంది. రోజు మొత్తపు మోతాదును ఒకేసారి కాక రెండుగా విడదీసుకోవడం మంచిది.

మూడవది, మిరియాల సారం లేని రకానికి మారమని నా సలహా. కర్క్యుమిన్‌ను లెసిథిన్ వంటి ఫాస్ఫోలిపిడ్‌తో, అంటే ఒక రకం కొవ్వు పదార్థంతో, బంధించి తయారుచేసేవి, పసుపులోని సుగంధ తైలాన్నే తిరిగి కలిపి చేసేవి దొరుకుతున్నాయి. ఇవి ప్రధానంగా మొదటి గడప దగ్గర పనిచేస్తాయి కనుక, ఇతర మందులున్నవారికి పైపెరిన్ కన్నా వీటినే నేను సూచిస్తాను. ఫాస్ఫోలిపిడ్ రకంలో కర్క్యుమినాయిడ్లు బరువులో ఐదో వంతే ఉంటాయి. సీసా మీద అంకె చిన్నదిగా ఉందని మరో రెండు మాత్రలు అదనంగా వేసుకోకండి.

ఇలా 8 వారాలు చూడండి. రోజూ ఒకే పనిని, మీ ఇంటి మెట్లెక్కడమో, నేల మీద నుంచి లేవడమో, కొలతగా పెట్టుకుని, ఎంత నొప్పి అనిపించిందో 10కి ఒక అంకె వేసి క్యాలెండరు మీద రాయండి. ఎనిమిది వారాల తరువాత ఆ అంకెలు కదలకపోతే మానేయండి. ఎందుకంటే ఫలితం ఎంత ఉంటుందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. థాయిలాండ్‌లో మోకాళ్ళ అరుగుదల ఉన్న 367 మందితో చేసి 2014లో ప్రకటించిన ప్రయోగంలో, రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం నాలుగు వారాలలో 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందుకు దీటుగా నొప్పి తగ్గించింది, కడుపు బాధలు తక్కువ కలిగించింది. 2020లో ఆస్ట్రేలియాలోని తాస్మానియాలో 70 మందితో 12 వారాలు చేసిన ప్రయోగంలో నొప్పి కొంత తగ్గింది గాని, మోకాలిలోని వాపు, నీరు తగ్గలేదు. అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయడం ఏ మాత్రతోనైనా సరే మానకూడదు.

ఒక హెచ్చరిక విడిగా చెప్పాలి. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్ళంతా దురద, అన్నం సహించకపోవడం కనిపిస్తే మాత్ర ఆ రోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోండి. పసుపు వల్ల కాలేయానికి హాని ఏమిటని ఆశ్చర్యపోవచ్చు. వంటలోని పసుపు గురించి ఈ మాట అనడం లేదు. ఒంటబట్టే శక్తి పెంచిన మాత్రల వాడకం విస్తరించాక ఇటలీలో, ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఇటువంటి కేసులు నమోదయ్యాయి. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ హానిని నమోదుచేసే పరిశోధక బృందం 2004 నుంచి 2022 వరకు పసుపుకు సంబంధించిన 10 కేసులను గుర్తించింది. వారిలో ఒకరు మరణించారు, ఏడుగురిలో ఒకే రకమైన జన్యు లక్షణం కనబడింది. మాత్రలు వాడే అసంఖ్యాకులలో ఇది చాలా అరుదు. కానీ అది మనకే వస్తుందో లేదో ముందుగా చెప్పే వీలు లేదు కనుక, లక్షణాలు తెలిసి ఉండటమే రక్షణ.

ప్రశ్న: మా నాన్నగారికి గుండె కవాటం మార్చారు. రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వాడాలన్నారు. ఆయనకు కీళ్ళ నొప్పులు ఉన్నాయి. బాగా ఒంటబట్టే పసుపు మాత్ర ఏది కొనమంటారు? (హన్మకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఏదీ కొనకండి. వార్ఫరిన్, అసెనోకుమరాల్ వంటి మందులు వాడేవారికి పసుపు మాత్ర ఎంత బాగా ఒంటబడితే ప్రమాదం అంత ఎక్కువ. వార్ఫరిన్‌తో నిలకడగా ఉన్న ఒక వ్యక్తి పసుపు మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే పరీక్ష అంకె) 10 దాటిందని న్యూజీలాండ్ మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక జారీచేసింది. మీ నాన్నగారి వంటి వారికి ఆ అంకెను సాధారణంగా 2కు, 3.5కు మధ్య ఉంచుతారు. 10 దాటడమంటే లోపల ఎక్కడైనా రక్తస్రావం కావచ్చన్న మాట. కూరలో, పప్పులో మామూలుగా వేసే పసుపు మానవలసిన పని లేదు. రోజూ ఒకే తీరుగా తింటే చాలు. ఇప్పటికే మాత్ర మొదలుపెట్టి ఉంటే ఆపి, ఈ వారంలోనే ఐఎన్ఆర్ చేయించండి. నొప్పికి ఏం వాడాలో ఆయనకు చికిత్స చేస్తున్న గుండె వైద్యుణ్ణే అడగండి. దుకాణంలో నొప్పి మాత్ర కూడా మీ అంతట మీరు కొనవద్దు.

ప్రశ్న: మాత్రలు ఎందుకు, మన ఇంటి పసుపు పాలు చాలవా? మిరియాల పొడి వేసి తాగుతున్నాను. పచ్చి కొమ్ము మంచిదా, పొడి మంచిదా? (దుగ్గిరాల నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ పద్ధతిలో తప్పేమీ లేదు. చెంచాడు పసుపు, అంటే 3 గ్రాములు వేశారనుకుంటే అందులో కర్క్యుమినాయిడ్లు 90 మిల్లీగ్రాములు. ప్రయోగాలలో వాడిన మోతాదును పొడితో అందుకోవాలంటే రోజుకు 30 గ్రాముల పైన తినాలి, అది చేయదగిన పని కాదు. కనుక పసుపు పాలను ఆహారంగా, గొంతుకు హాయిగా తాగండి, నొప్పికి మందుగా లెక్కవేయకండి. వెన్న తీసిన పాలకన్నా వెన్న ఉన్న పాలు నయం. పాలు పొంగే దాకా ఒకసారి కాచడం చాలు, అరగంట మరిగించడం వల్ల కర్క్యుమిన్ కొంత నశిస్తుంది. పచ్చి కొమ్ములో నీరు ఎక్కువ కనుక బరువుకు బరువు చూస్తే పొడిలోనే సత్తువ ఎక్కువ. మీది పసుపు మార్కెట్ ఊరు. మెరుగు పెట్టని కొమ్ములు కొని ఇంట్లో కడిగి, ఎండబెట్టి, దంచించుకోండి. కొమ్ము మెరవడానికి సీసం కలిసిన రంగు పూసే దురాచారం ఉన్నదన్నది రుజువైన విషయం. రంగు ఎంత పచ్చగా ఉంటే కర్క్యుమిన్ అంత ఎక్కువ అన్న లెక్క పనికిరాదు.

ప్రశ్న: ఇక్కడ దుకాణాలలో 'నానో', 'మైసెల్' రకాలు 100 రెట్లు, అంతకుమించి ఒంటబడతాయని రాస్తున్నారు. ఖరీదు నాలుగింతలు. పెట్టవచ్చా? (టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కర్క్యుమిన్‌ను అతి సూక్ష్మ రేణువులుగానో, సబ్బు నురగలోని బిందువుల వంటి కొవ్వు గూళ్ళలోనో పెట్టి ఇస్తే రక్తంలోకి ఎక్కువ చేరుతుంది, ఇందులో అబద్ధం లేదు. అయితే ఆ రెట్లు దేనితో పోల్చి వేసినవో చూడాలి. దాదాపు సున్నా ఉన్నదానితో పోలిస్తే ఎంత చిన్న అంకెకైనా 100 రెట్లు వస్తాయి. అదీ గాక చాలా కొలతలలో రక్త నమూనాకు ముందు ఒక ఎంజైము కలిపి, కాలేయం మార్చివేసిన కర్క్యుమిన్‌ను కూడా తిరిగి విడదీసి మొత్తం కలిపి లెక్కిస్తారు. స్వేచ్ఛగా తిరిగే కర్క్యుమిన్ అందులో చాలా కొద్ది. రక్తంలో 100 రెట్లు చేరినది మోకాలి నొప్పిని 100 రెట్లు తగ్గించదు. మీరు ఇతర మందులేవీ వాడకపోతే, మామూలు సారాన్నే భోజనంతో 8 వారాలు వాడి చూడండి. ఫలితం కనిపించి, మాత్రల సంఖ్య తగ్గించుకోవాలనిపిస్తే అప్పుడు ఖరీదైన దాని గురించి ఆలోచించండి. ఏది కొన్నా, రోజుకు వేసుకునే కర్క్యుమిన్ ఎంతో లెక్క చూసుకోండి. ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన పరిమితి కిలో శరీర బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180. మాత్రలు దాన్ని తేలికగా దాటిస్తాయి కనుకనే వాటిని గడువు పెట్టుకుని వాడమంటాను.

ప్రశ్న: నాకు ఒకసారి కిడ్నీలో రాయి తీశారు. వచ్చే నెల పిత్తాశయంలోని రాళ్ళకు ఆపరేషన్ ఉంది. పసుపు మాత్ర కొనసాగించవచ్చా? (కడప నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇప్పుడే ఆపేయండి. పసుపు పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, రాళ్ళున్నప్పుడు అది నొప్పిని రేపవచ్చు. రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించగలదు కనుక ఏ ఆపరేషన్‌కైనా కనీసం రెండు వారాల ముందు మానాలి. మత్తుమందు ఇచ్చే డాక్టరు గారికి ఇప్పటిదాకా వాడిన సంగతి చెప్పండి, వీలైతే సీసానే తీసుకెళ్ళి చూపించండి. పసుపు పొడిలో, కాల్షియంతో కలిసి కిడ్నీలో రాయి కాగల ఆక్సలేట్లు అనే పదార్థాలు కూడా ఎక్కువ. మీ కిడ్నీ రాయి ఏ రకమో పరీక్ష కాగితం మీద ఉంటుంది. అది కాల్షియం ఆక్సలేట్ అయితే ఆపరేషన్ తరువాత కూడా చెంచాల కొద్దీ పసుపు తినే అలవాటు పెట్టుకోవద్దు.