అక్క పిల్లల ఫీజుకి పర్సనల్ లోనా? వద్దండీ

ప్రశ్న: అక్కా బావా పోయాక వాళ్ల పిల్లలిద్దరూ మా ఇంట్లోనే ఉంటున్నారు. మేనకోడలు తొమ్మిదో తరగతి, మేనల్లుడు ఐదో తరగతి. ఏ లోటూ తెలియకూడదని పెద్ద స్కూల్లో చేర్పిద్దామనుకుంటున్నా. సేవింగ్స్ రెండు నెలల జీతమంత ఉంది, మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: వద్దు. మీ మనసు మంచిదేనండీ, కానీ ఇదే తప్పు చాలామంది చేస్తున్నారు కాబట్టి గట్టిగానే చెప్తున్నా. మొదటి ఏడాది ఫీజు ఎలాగోలా కట్టేస్తారు, మూడో ఏడాది ఎలా అన్నది లెక్క వేసుకోరు. రేపు ఉద్యోగం పోయిందనుకోండి, బ్యాంకువాడు ఈఎంఐ వదలడు, అప్పుడు ఆగేది స్కూలు ఫీజే. అప్పు చేసి చేర్పించిన స్కూలు నుంచి మధ్యలో తీసేస్తే ఆ పిల్లలకి రెండోసారి ఇల్లు కూలినట్టుంటుంది.

కెన్యాలో 2003లో ప్రైమరీ చదువు ఉచితం చేశారు. అనాథ పిల్లల్ని పెంచుతున్న కుటుంబాలకి 2004 నుంచి విడతలవారీగా నగదు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ డబ్బు వల్ల బడికెళ్లే పిల్లలు పెరిగారా అని తర్వాత చూస్తే ప్రైమరీలో పెద్ద తేడా లేదు, పిల్లలు అప్పటికే బడిలో ఉన్నారు మరి. తేడా కనిపించింది హైస్కూల్లో. ఖర్చు పెరిగేది, సంపాదనలో పడదామని పిల్లలకే అనిపించేది ఆ వయసులోనే. మీ మేనకోడలు సరిగ్గా అక్కడే ఉంది, తనకి కావాల్సింది పెద్ద స్కూలు కాదు, ఇంకో నాలుగైదేళ్లు ఆగకుండా వచ్చే డబ్బు.

అందుకే ముందు ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలల ఇంటి ఖర్చు, దానికి తోడు ఇద్దరి ఏడాది చదువు ఖర్చు. చదువు ఖర్చంటే ఫీజు ఒక్కటే రాసుకోకండి, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజులు అన్నీ కలపండి, పిల్లలు అడగడానికి మొహమాటపడేది వీటికే (మేనమామనైనా సరే). ఇది నిండేదాకా స్కూలు మార్చే మాట ఎత్తకండి.

ఆ వెంటనే టర్మ్ ఇన్సూరెన్స్, అంటే గడువులోపు మనిషి పోతే ఇంటివాళ్లకి డబ్బొచ్చే బీమా. అక్కాబావలకి పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు, మీకుందో లేదో కూడా రాయలేదు! ఇప్పుడు ఆ పిల్లలకి ఉన్న సంపాదనపరుడు మీరొక్కరే. మీ భార్యాపిల్లలకి వచ్చినట్టు మేనల్లుడికి, మేనకోడలికి ఏదీ దానంతటదే రాదు. వాళ్ల వాటా విడిగా రాసిపెట్టాలి, మైనర్లు కాబట్టి అది ఎవరి చేతికి వెళ్లాలో కూడా రాయాలి. చిన్నవాడి డిగ్రీ అయ్యేదాకా కవర్ ఉండాలి.

స్కాలర్‌షిప్, ప్రభుత్వ సాయం ఏది వచ్చినా నామోషీ పడకుండా అప్లై చేయండి. మ్యూచువల్ ఫండ్స్, సిప్ (వాటిలో నెలనెలా కొంత పెట్టడం) సంగతి తర్వాత చూద్దాం. లోన్ ఫారం మాత్రం ఈరోజే చించేయండి.