"ఆపరేషన్ అయిందా?" అనేది మొదటి ప్రశ్న కాకూడదు

గుంటూరులో జర్నలిజం చదువుతున్న మీరు రెండు సంగతులు అడిగారు. ట్రాన్స్‌జెండర్ విషయాల మీద ఇంటర్వ్యూ చేసేటప్పుడు చెరో వైపు వాదించే ఇద్దరిని కూర్చోబెడితే న్యాయం చేసినట్టేనా? అతిథిని నొప్పించకుండా గట్టి ప్రశ్న అడగడం ఎలా?

నేను 2016 నుంచి ఎనిమిదేళ్లకు పైగా విజయవాడ న్యూస్ చానెళ్లలో గెస్ట్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. డిబేట్‌కి ఎవరిని పిలవాలో చూడటం, ఫోన్ చేసి ఒప్పించడం, స్టూడియోకి రప్పించడం, యాంకర్‌కి ప్రశ్నలు రాసివ్వడం నా పని. ఇప్పుడు బ్రాడీపేటలో ఒక స్నేహితురాలితో కలిసి చిన్న యూట్యూబ్ చానెల్ నడుపుతున్నాను. ముందుగా నేను చేసిన తప్పు చెప్పాలి. అది దాచిపెట్టి మీకు సలహా ఇవ్వలేను.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. ఆ వారం చానెళ్లన్నీ అదే డిబేట్. మా డెస్క్ దగ్గర ఉన్న నంబర్లలో గుంటూరులో ఉండే ఒక ట్రాన్స్ మహిళది ఒకటి ఉంది. స్వలింగ సంబంధం వేరు, ట్రాన్స్‌జెండర్ కావడం వేరు. ఆ తేడా ఆ పూట మాలో ఎవరం పట్టించుకోలేదు. నేనే ఫోన్ చేశాను. "తీర్పు గురించి నాకు పెద్దగా తెలీదమ్మా, మాకు ఇల్లు అద్దెకివ్వట్లేదు, ఆ మాట చెప్పనిస్తారా?" అని అడిగింది. చెప్పనిస్తామన్నాను.

ఆమె బస్సెక్కి మంగళగిరి మీదుగా వచ్చి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగితే, నేనే వెళ్లి ఆటోలో తీసుకొచ్చాను. ఆకుపచ్చ చీర, తలలో మల్లెలు, చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డర్. ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తుల జిరాక్సులన్నీ తారీఖుల వారీగా అందులో పెట్టుకుంది. మామూలుగా మా ఆడియో కుర్రాడు అతిథులందరికీ కాలర్ మైక్ తనే తగిలిస్తాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి మైక్ చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆమె వైరు ఎటు దోపాలో తెలియక పైట సర్దుకుంటూ ఇబ్బంది పడుతుంటే నేను వెళ్లి పెట్టాను.

లైవ్ మొదలైంది. యాంకర్ మొదటి ప్రశ్న: "మీకు ఆపరేషన్ అయిందా?"

ఆ ప్రశ్న రాసిచ్చింది నేనే. ఐదో ప్రశ్నగా రాశాను, ఆయన మొదటికి తెచ్చుకున్నాడు. వరస మార్చింది ఆయనే అయినా కాగితం మీద పెట్టింది నేను. ఆమె ఫోల్డర్‌ని ఒళ్లోకి లాక్కుంది. నాలుగైదు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. లైవ్‌లో అది చాలా ఎక్కువసేపు. తర్వాత, "ఆ సంగతి నా డాక్టరు చూసుకుంటారు సార్. నేను ఇల్లు గురించి మాట్లాడటానికి వచ్చాను" అంది. ఈలోపు తెర మీద రెండో కిటికీలో ఉన్న, ఎదురు వాదించడానికి పిలిచిన పెద్దమనిషి సంస్కృతి అంటూ అందుకున్నాడు. మిగతా ఇరవై నిమిషాలూ ఆయనవే. ఫోల్డర్ తెరవలేదు. తిరిగి బస్టాండులో దింపుతుంటే ఆమె నన్ను ఒక్క మాటే అంది: "నువ్వు ఫోన్లో ఇల్లు గురించని చెప్పావమ్మాయ్."

ఈ తప్పు మాకొక్కరికే చెందింది కాదు. అమెరికాలో 2014 జనవరిలో టీవీ యాంకర్ కేటీ కూరిక్ తన షోలో ఇద్దరు ట్రాన్స్ మహిళల్ని, మోడల్ కార్మెన్ కరేరాని, తర్వాత నటి లావెర్న్ కాక్స్‌ని ఇదే అడిగింది. మీరు శరీరం దగ్గరే ఆగిపోతే మా మీద జరిగే హింస, దొరకని ఉద్యోగాలు మీకు కనపడవు అన్న అర్థంలో కాక్స్ నిదానంగా జవాబిచ్చింది. నేనది చూసింది మా తప్పు జరిగాక. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014 ఏప్రిల్ 15న వచ్చిన నల్సా తీర్పులోనే మన సుప్రీంకోర్టు, లింగ గుర్తింపు కోసం సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని రాసింది. అంటే ఆ ప్రశ్న మర్యాద లేనిదే కాదు, నాలుగేళ్లుగా అమల్లో ఉన్న తీర్పు తెలియక వేసింది కూడా. ఈ రంగంలో చట్టాలు మారుతూ ఉంటాయి. ఇంటర్వ్యూ ఉన్న రోజు పొద్దున ఏ నిబంధన అమల్లో ఉందో ఒక లాయరుని అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇద్దరిని కూర్చోబెట్టడం న్యాయం కాదు, అది ఏర్పాటు. న్యాయం ముందే మొదలవ్వాలి. మనం అడుగుతున్నది ఏ రకం ప్రశ్నో తేల్చుకోవాలి. ఒక మనిషికి ఇల్లు దొరకట్లేదంటే దానికి ఎదురు వాదన అక్కర్లేదు. ఇంటి ఓనర్లను పిలవొచ్చు, మున్సిపల్ అధికారిని పిలవొచ్చు. "అసలు మీరు ఉండొచ్చా" అని వాదించే మనిషిని పిలవడం మాత్రం విషయాన్ని పక్కదారి పట్టించడమే. చట్టంలో ఏముందన్నది చదివితే తేలిపోతుంది, దానికి డిబేట్ ఎందుకు? ఆడవాళ్ల ఆటల్లో ఎవరు ఆడాలి, ఆడవాళ్ల జైల్లో ఎవరిని ఉంచాలి లాంటివి నిజంగా వాదన ఉన్నవి. మంచి మనసున్న వాళ్లు కూడా అక్కడ రెండు వైపులా ఉన్నారు. అక్కడ రెండు వైపులూ వినాలి, ఇద్దర్నీ ఒకే గట్టితనంతో అడగాలి.

ఆటల దగ్గర కొంచెం ఆగుతాను, నేను చూసిన గందరగోళం అక్కడే ఎక్కువ. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖెలీఫ్‌తో బౌట్‌ని ఇటలీ అమ్మాయి ఏంజెలా కరీనీ 46 సెకన్లకే వదిలేసింది. సాయంత్రానికల్లా "మగాడా, ఆడదా" అని స్క్రోలింగులు. ఖెలీఫ్ ఆడపిల్లగా పుట్టి పెరిగానని చెప్పిన మనిషి, ట్రాన్స్‌జెండర్ అని ఎప్పుడూ అనలేదు. అర్హత పరీక్షల మీద వివాదం ఉంది, అది వేరే సంగతి. మా వాళ్లు రెండూ కలిపేశారు. ఫోన్లో మాట్లాడటానికి ఒక కోచ్‌ని పట్టుకున్నాను. "నాకు అథ్లెటిక్స్ తెలుసు గానీ బాక్సింగ్ తెలీదమ్మా. ఆ అమ్మాయి రిపోర్టులు నేను చూడలేదు. చూడకుండా ఎట్లా మాట్లాడను? 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో మన శాంతి సౌందరరాజన్ మెడల్ ఎట్లా పోయిందో అడిగితే చెప్తా" అన్నారు. తెర మీద ఏం రావాలో చూసే అవుట్‌పుట్ డెస్క్ వాళ్లు ఆయన్ని వద్దన్నారు, వేడి లేదట. ఆ రాత్రి మాకు దొరికిన వాళ్లలో అసలైన అతిథి ఆయనే. తమిళనాడు పల్లెటూరి నుంచి వచ్చి 800 మీటర్లలో రజతం గెలిచిన అమ్మాయి, లింగ నిర్ధారణ పరీక్షలో తప్పిందని మెడల్ తీసేసుకుంటే ఎంత కుంగిపోయిందో చెప్పగలిగే మనిషిని వదులుకుని, ఏమీ తెలియని ఇద్దరితో అరగంట నడిపాం. అతిథిని ఎంచుకునేటప్పుడు "ఇది మీకెలా తెలుసు?" అని ఫోన్లోనే అడగండి. దానికి జవాబు చెప్పలేని వాళ్లను ఏ వైపు నుంచీ పిలవకండి.

మాటల సంగతి. బ్రిటన్‌లో ఈ గొడవ చాలా ముదిరింది. 2023లో బీబీసీ రేడియో ప్రెజెంటర్ ఒకాయన ట్రాన్స్ మహిళలు అంటే మగవాళ్లే అన్న అర్థంలో మాట్లాడితే, పక్షపాతం చూపినట్టేనని వాళ్ల ఫిర్యాదుల విభాగమే తేల్చింది. 2025లో ఇంకొక ప్రెజెంటర్ స్క్రిప్టులో ఉన్న "గర్భంతో ఉన్న వ్యక్తులు" అన్న మాటని "ఆడవాళ్లు" అని మార్చి, ముఖంలో ఏదో భావం చూపించినందుకు ఆ ఫిర్యాదులూ నిలబడ్డాయి. నాకు అర్థమైంది ఇదీ: వాదన ఉన్న చోట యాంకర్ మాటే తీర్పు అయిపోకూడదు, ఎటువైపైనా సరే.

మన తెలుగులో ఒక గొప్ప సదుపాయం ఉంది. "మీరు", "గారు", "వచ్చారు", "అన్నారు". వీటిలో ఆడా లేదు, మగా లేదు, గౌరవం ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషిని పేరు పెట్టి గారు అంటే చాలు, ఎవరి వాదననీ ఒప్పుకున్నట్టు కాదు, ఎవరినీ తక్కువ చేసినట్టూ కాదు. "వచ్చింది" మాత్రం ఆవుకీ, బస్సుకీ, ఆడమనిషికీ ఒకటే. ట్రాన్స్ మహిళల గురించి చెప్పేటప్పుడు మన యాంకర్లు అందరికీ "వచ్చారు" అని, వీళ్ల దగ్గరే "వచ్చింది" అంటారు. వినేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. స్క్రోలింగులో "హిజ్రాల హల్‌చల్" అన్నది ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. ఇద్దరు మనుషులు ఎక్కడో డబ్బుల దగ్గర గొడవపడితే ఒక జాతి మొత్తాన్నీ హెడ్డింగులో పెట్టేవాళ్లం. భిన్నాభిప్రాయం ఉన్న అతిథి తన అభిప్రాయాన్ని తన మాటల్లో చెప్పుకోనివ్వండి, మధ్యలో మాటలు దిద్దకండి. తిట్టుపదం వాడితే మాత్రం అక్కడికక్కడే ఆపండి.

గట్టి ప్రశ్న విషయానికొస్తే, గట్టితనం వాదన మీద చూపించాలి, ఒంటి మీద కాదు. ఇప్పుడు నేను ఫోన్లోనే చెప్పేస్తాను: "మీ ఒంటి గురించి, మీ ఇంట్లోవాళ్ల గురించి వద్దంటే అడగం. మీరు వాదించే విషయంలో మాత్రం ఇబ్బందిగా ఉన్నా అడుగుతాం." ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

2025 జూన్‌లో మన హైకోర్టు, అంటే నేలపాడులో ఉన్న ఏపీ హైకోర్టు, ఒక ట్రాన్స్ మహిళ, భార్యని వేధించడం మీద ఉన్న 498ఏ సెక్షన్ కింద భర్త మీద ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. పిల్లల్ని కనే వీలు లేదు కాబట్టి స్త్రీ కాదన్న అత్తింటివాళ్ల వాదనని జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఒప్పుకోలేదు. అదే తీర్పులో, ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని ఆ కేసుని కొట్టేశారు కూడా. చాలా చోట్ల సగమే వార్తయింది. మేము ఒక లాయరు గారిని, ఆడవాళ్ల హక్కుల కోసం ముప్పై ఏళ్లుగా తిరుగుతున్న ఒక పెద్దావిడని పిలిచాం. నా స్నేహితురాలు తీర్పులోని రెండు సగాలూ ముందు చదివి వినిపించింది. పెద్దావిడ, "ఈ కేసులో నాకు అభ్యంతరం లేదమ్మా. కానీ స్త్రీ అన్న మాటని అన్ని చట్టాల్లోనూ ఒకేలా చదివేస్తే నాకు భయం. ఏప్రిల్లో బ్రిటన్ సుప్రీంకోర్టు స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీయేనని చెప్పింది కదా" అన్నారు.

ఇక్కడ పాత డిబేట్ అయితే అరుపులు మొదలయ్యేవి. నా స్నేహితురాలు, "అది వాళ్ల 2010 సమానత్వ చట్టంలోని మాటకి అర్థం, ఇది మన శిక్షాస్మృతిలోది" అని ఒక్క వాక్యంలో విడదీసి, "మీ భయం ఎక్కడ? ఒక్క చోటు చెప్పండి" అంది. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆడవాళ్ల జైలు" అన్నారు. నా స్నేహితురాలు వెంటనే లాయరు వైపు తిరిగి, "ఆ భయం కొట్టిపారేయదగ్గదా సార్?" అని అడిగింది. ఆయన కొట్టిపారేయలేదు. మగవాళ్ల జైల్లో పెడితే ట్రాన్స్ మహిళకి ఏమవుతుందో చెప్పి, ఏ ఖైదీని ఎక్కడ ఉంచాలన్నది విడివిడిగా చూడాలన్నారు. పెద్దావిడ పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన పని లేదు కూడా. నలభై నిమిషాల్లో ఇద్దరిలో ఒక్కరు కూడా గొంతు పెంచలేదు, నేను రెండు పేజీల నోట్సు రాసుకున్నాను.

చివరగా, ఎవరూ చెప్పని జాగ్రత్త ఒకటి. ఇంటర్వ్యూ ఎంత మర్యాదగా చేసినా, దాన్ని ముక్కలు చేసి షార్ట్స్ వేసేటప్పుడు పాడవుతుంది. ఎడిటింగ్ కుర్రాడు అలవాటుగా "షాకింగ్ నిజాలు" అని థంబ్‌నెయిల్ పెట్టేస్తాడు. 2011లో హైదరాబాదులోని ఒక తెలుగు చానెల్ స్వలింగ సంపర్కుల మీద రహస్యంగా ప్రోగ్రాం చేసి మనుషుల్ని బజారున పెడితే, న్యూస్ చానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ స్క్రోల్ చేయించింది. యూట్యూబ్‌లో మనల్ని అలా అడిగేవాళ్లు పెద్దగా లేరు. అందుకని మేము వీడియో పెట్టేముందు థంబ్‌నెయిల్, టైటిల్ రెండూ అతిథికి వాట్సాప్ చేస్తాం. ఆకుపచ్చ చీర అక్క పోయిన ఏడాది మళ్లీ మాతో మాట్లాడటానికి ఒప్పుకుంది, చాలా బతిమాలాక. థంబ్‌నెయిల్ పంపితే గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఫొటో బాగుందమ్మాయ్. ఆ ఫోల్డర్ కూడా కనపడేట్టు పెట్టు."