పాఠకుల ప్రశ్నలు: మిషన్ మనది, తాళం వాళ్లది

ప్రశ్న: మా వర్క్‌షాపుకి జపాన్ నుంచి ఐదు యాక్సిస్‌ల సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే) మిల్లింగ్ మిషన్ తెప్పిస్తున్నాం. ఎండ్ యూజర్ సర్టిఫికెట్ (ఎవరు, దేనికి వాడతారో చెప్పే హామీపత్రం) ఇస్తేగానీ కదలదంటున్నారు. మన దేశం మీద ఆంక్షలేమీ లేవు కదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లేవండి. వాళ్లు చూసేది మిషన్‌ని. ఐదు యాక్సిస్‌లూ, అంటే ఐదు కదలిక దిశలూ, ఒకేసారి కదిలితే పంపులో నీటిని తోసే చక్రం, ఇంపెల్లరూ చెక్కొచ్చు, క్షిపణి భాగమూ చెక్కొచ్చు. అందుకే అది వాసెనార్ ఒప్పందం (ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతి మీద కొన్ని దేశాలు పెట్టుకున్న కట్టుబాటు) జాబితాలో ఉంది. తోషిబా అనుబంధ సంస్థ ఒకటి సోవియట్‌కి జలాంతర్గాముల ప్రొపెల్లర్లు చెక్కే మిషన్లు చాటుగా అమ్మిన సంగతి 1987లో బయటపడి పెద్ద గొడవైంది. జపాన్ వాళ్ల పట్టింపు ఊరికే రాలేదు.

ఎగుమతి లైసెన్సు తెచ్చుకోవాల్సింది అమ్మేవాళ్లే. మీరిచ్చే కాగితంలో మిషన్ ఎక్కడ బిగిస్తారు, దానిమీద ఏం చేస్తారు, సరుకు ఎవరికిస్తారు, అడక్కుండా మరొకరికి అమ్మబోమన్న హామీ ఉండాలి. ‘జనరల్ ఇంజినీరింగ్’ అని ఒక్క ముక్క రాస్తే మళ్లీ ప్రశ్నలొస్తాయి. ‘చీమకుర్తి క్వారీల పంపులకు స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంపెల్లర్లు’ అని విడమరచండి. లైసెన్సు రాకపోతే అడ్వాన్సు వాపసు అన్న షరతు ముందే రాయించుకోండి.

కొన్ని మిషన్లలో జాగా మారితే పసిగట్టే పరికరం ఉంటుంది. షెడ్డు మార్చాలని చెప్పకుండా క్రేన్‌తో లేపారో, కంట్రోలర్ లాక్ అయిపోతుంది. కంపెనీ వాళ్లు తీస్తేనే నడుస్తుంది. నిజంగా ఆంక్షలు పడ్డ దేశాల్లో తిప్పలు ఇక్కడే. మిషన్ షాపులోనే ఉంటుంది, స్పిండిల్ బేరింగూ సర్వో డ్రైవూ సాఫ్ట్‌వేరూ రావు.

ప్రశ్న: అమెరికా ఆంక్షలు పెట్టినా రష్యా మనకు క్రయోజనిక్ ఇంజిన్లు ఎలా ఇచ్చింది?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో నడిచే ఆ రాకెట్ ఇంజిన్లిచ్చింది, తయారుచేసే విద్య ఇవ్వలేదు. 1991 ఒప్పందంలో రెండూ ఉన్నాయి. 1992 మేలో ఇస్రో మీదా, ఒప్పందం చేసుకున్న రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ మీదా రెండేళ్ల ఆంక్షలు పడ్డాయి. 1993లో రష్యా వెనక్కి తగ్గి, తయారైన ఏడు దశలతో (ఇంజినూ ఇంధన ట్యాంకులూ కలిసిన రాకెట్ అంచెలు) సరిపెట్టింది. 2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో ఉన్నది వాటిలో ఒకటి.

మన సొంత దశ 2010 ఏప్రిల్ 15న విఫలమైంది. ద్రవ హైడ్రోజన్‌ని తోసే బూస్టర్ పంపు తిరగడం మొదలెట్టి ఆగిపోయింది. సీలు దగ్గర రోటర్ పట్టేసిందని ఒక అనుమానం, టర్బైన్ కేసింగ్ పగిలిందని ఇంకొకటి. మైనస్ 253 డిగ్రీల చలికి బేరింగూ కేసింగూ ఒకే తీరున కుంచించుకోవు. మధ్య ఎంత సందు వదలాలన్నది కొన్న ఇంజిన్ విప్పి చూసినా తెలియదు. ఆ పంపు డిజైన్ మార్చాక, 2014 జనవరి 5న మన దశ పనిచేసింది.