కట్టెల స్టవ్ రోజంతా మండినా పాత ఇల్లు వేడెక్కకపోతే

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న మీ పాత చెక్క ఇంట్లో స్టవ్ రోజంతా మండుతున్నా గది వెచ్చబడడం లేదనీ, స్టవ్ అద్దం నల్లబడుతోందనీ రాశారు కనుక, అసలు కారణం గోడల సందుల కన్నా పచ్చి కట్టెలే అయి ఉండాలి. వాటిలోని నీటిని ఆవిరి చేయడానికే వేడిలో కొంత భాగం ఖర్చవుతుంది, మంట కూడా చల్లబడి కట్టె సరిగా కాలదు.

1. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. చాలామంది తేమ మీటరును కట్టె చివరన గుచ్చి, పొడిగానే ఉందనుకుని మోసపోతారు. చలికి గడ్డకట్టిన కట్టెలోనూ అంకె తప్పుగానే వస్తుంది. కట్టెను ఒక రోజు ఇంట్లో ఉంచి, నిలువునా చీల్చి, అప్పుడే బయటపడిన లోపలి ముఖం మధ్యలో కొలవండి. ఓక్ అనే గట్టి కలప అయితే, అమ్మినవారు ఏమి చెప్పినా, ఒక్క వేసవిలో సాధారణంగా ఆరదు.

2. అద్దం నల్లబడిందంటే పొగగొట్టంలోనూ క్రియోసోట్ (పొగ నుంచి ఏర్పడి, తేలిగ్గా అంటుకునే తారులాంటి మసి) పేరుకుని ఉండవచ్చు. మంట పెంచే ముందే దాన్ని శుభ్రం చేయించండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో చూడండి.

3. ఆ తరువాత పొడి కట్టెలను సన్నగా చీల్చి, స్టవ్‌లోకి గాలి వెళ్లే ద్వారం తగినంత తెరిచి మండించండి.

4. ఇంటి సందులలో ముందుగా, పైకప్పు కింది అటకలోకి ఎక్కే ద్వారం మూతను బిగించండి. వేడి గాలి పైనుంచి పోతున్నంతసేపూ కిందినుంచి చలిగాలి లోపలికి వస్తూనే ఉంటుంది.