కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

చి.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పొద్దున్నే పాలప్యాకెట్ కత్తిరించడానికి కత్తెర పట్టు చిక్కట్లేదనీ, తొమ్మిదయితే గానీ వేళ్లు వదులు కావట్లేదనీ రాశావు చూడు, డాక్టరు ముందు కూర్చోగానే మొదట చెప్పాల్సిన మాట అదే. రిపోర్టుల ఫైలు ఆ తర్వాత.

మనవాళ్లు ఎముకల డాక్టరునీ కీళ్ల డాక్టరనే అంటారు. చిక్కంతా అక్కడే. విరిగింది అతికించడానికీ, అరిగిన మోకాలు మార్చడానికీ ఆర్థోపెడిక్ డాక్టరు. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కీళ్ల మీద తిరగబడే కీళ్లవాతం లాంటివాటికి రుమటాలజిస్టు. అరుగుదలైతే పొద్దుటి పట్టేయడం సాధారణంగా అరగంటలోపే పోతుంది. గంట దాటుతోందంటే, అదీ రెండు చేతుల వేళ్ల మొదళ్లలో వాపుతో ఆరు వారాలుగా ఉందంటే, పండగ అయ్యాక చూద్దాంలే అనుకోకు. ఎముక తినేయక ముందే, మొదటి నెలల్లో మొదలుపెట్టిన మందుకే ఎక్కువ ఫలం.

బోర్డు మీద రుమటాలజీలో డీఎం గానీ డీఎన్‌బీ గానీ (ఎండీ తర్వాత చేసే పై చదువులు) ఉందా చూడు. కొన్నిచోట్ల రుమటాలజీ అన్న మాటకు ముందు 'క్లినికల్ ఇమ్యునాలజీ' అని కూడా ఉంటుంది, అదీ ఈ చదువే. అనుమానమొస్తే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో చూసుకోవచ్చు. హైదరాబాదులో పంజాగుట్ట నిమ్స్‌లో ఈ విభాగం ఉంది, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఉంటారు. నెలకోసారి మీ ఊరొచ్చి చూసే డాక్టరు దొరికితే వెళ్లు గానీ, మధ్యలో జ్వరమొచ్చినా మందు పడకపోయినా ఎవరికి ఫోన్ చెయ్యాలో మొదటిరోజే అడిగి రాసుకో. అపాయింట్‌మెంట్‌కు వారాలు పట్టేట్టుంటే మీ ఫిజీషియన్‌తో ఎన్నాళ్లనుంచి, ఏయే కీళ్లు అని చీటీ రాయించుకుని తొందరగా చూడమని అడుగు.

ఈలోగా నువ్వు చెయ్యకూడని పని ఒకటుంది. ఎవరో చెప్పారని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోకు, పొట్లాల నాటు మందు మింగకు. రెండురోజుల్లో మంత్రం వేసినట్టు వాపు తీసేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాల్సిందే. తగ్గడం మంచిదే కదా అంటావు. ఆ వాపే లేకపోతే డాక్టరు వేళ్లు నొక్కి చూసి ఏం తేల్చుకోవాలి? జబ్బు లోపల అలాగే ఉంటుంది, పైకి చెయ్యి మామూలుగా కనబడుతుంది. ఇప్పటికే వారాల తరబడి వాడుంటే మాత్రం ఠక్కున ఆపకు. అలా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లమైనా సరే, ఖాళీ స్ట్రిప్పైనా సరే, సిగ్గుపడకుండా సంచిలో వేసుకెళ్లు.

పరీక్షలు నీ అంతట నువ్వే మూటగట్టుకోకు. ల్యాబువాళ్లు 'ఆర్థరైటిస్ ప్యాకేజీ' అని అమ్మేదాంట్లో ఏఎస్‌ఓ లాంటివి పెద్దవాళ్లకు చాలాసార్లు దండగ. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం ఉన్నట్టు కాదు, నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేనట్టూ కాదు. ఫిజీషియన్ రాస్తే సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, క్రియాటినిన్, ఎస్‌జీపీటీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, రెండు చేతుల ఎక్స్‌రే చాలు. మందు మొదలెట్టేముందు హెపటైటిస్ బి, సి పరీక్షలూ, ఛాతీ ఎక్స్‌రే రాస్తే కంగారుపడకు. అవి మందు తట్టుకుంటావో లేదో చూసుకోవడానికి.

ఒక కాగితం తీసుకో, ఒక్కటే. ఏ తేదీన ఏ కీలుతో మొదలైంది, పొద్దున ఎంతసేపు, ఏ పని ఆగిపోయింది, ఏ మందు ఎన్నాళ్లు వాడావు, ఏది పడలేదు. కీళ్లకు సంబంధం లేదనుకుని వదిలేసేవే ఎక్కువ పనికొస్తాయి. నోట్లో పుండ్లు, ఎండకు ముఖం కందడం, కళ్లలో ఇసుక పడినట్టుండటం, చలికి వేళ్లు తెల్లబారడం, తలలో పొలుసులు, గర్భం పోవడం, ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్, గత ఏడాది చికున్‌గున్యా. అన్నీ రాయి. లేచీ లేవగానే రెండు అరచేతులూ బల్లమీద బోర్లించి ఒక ఫొటో, పిడికిలి బిగించబోతే ఎంతవరకు మూసుకుందో ఇంకొకటి తీసిపెట్టుకో. సాయంత్రం నాలుగింటి అపాయింట్‌మెంట్‌కు వాపు దిగిపోవచ్చు, ఫొటో దిగదు.

వెళ్లేరోజు చేతులు పైకెత్తగలిగే వదులు జాకెట్టు, మోకాలు కనబడే లూజు బట్టలు వేసుకో. గోళ్లరంగూ గోరింటాకూ వద్దు, గోళ్ల మొదట్లో సన్న రక్తనాళాలు చూస్తారు. పిల్లలు కావాలనుకుంటున్నావా లేదా అన్నది, అత్తగారి ముందు ఇబ్బందైతే ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమని అడిగైనా చెప్పు. దాన్నిబట్టే మందు మారుతుంది. కీళ్లవాతానికి తరచూ ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే గర్భం అనుకోవడానికి కొన్ని నెలల ముందే డాక్టరుకు చెప్పి ఆపించుకోవాలి.

ఆ మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. మందులషాపులో పొరపాటున 'రోజూ ఒకటి' అని రాసిచ్చినా వినకు. ఆదివారమో బుధవారమో, వేసుకునే ఆ రోజు పేరు స్ట్రిప్పు మీద పెన్నుతో రాసి, మిగతా మందుల డబ్బాలో కాకుండా వేరేగా పెట్టు. ఫోలిక్ యాసిడ్ ఏ రోజున వేసుకోవాలో, మళ్లీ రక్తపరీక్ష ఏ తేదీనో అక్కడే అడిగి రాయించుకో.

ఒక్క కీలే ఎర్రగా, వేడిగా ఉబ్బి జ్వరం తగిలితే ఈ అపాయింట్‌మెంటు కోసం ఆగకు, ఆరోజే ఆసుపత్రికి వెళ్లు. కీలులో చీము పట్టుండొచ్చు.

నీ ఉంగరాలు ఇవాళే సబ్బు నురగతో తీసెయ్యి. వాపు ఇంకా పెరిగితే కంసాలి చేత కోయించాల్సొస్తుంది.

మీ పెద్దమ్మ