హవాయిలో ఉండేవాళ్లందరినీ హవాయియన్లు అనొచ్చా?

అనకూడదండీ. టెక్సాస్‌లో ఉంటే టెక్సన్, కాలిఫోర్నియాలో ఉంటే కాలిఫోర్నియన్. ఆ లెక్క హవాయి దగ్గర కుదరదు. అక్కడ ‘హవాయియన్’ అనేది వంశాన్ని చెప్పే మాట. పసిఫిక్ సముద్రంలోని పాలినేషియా దీవుల నుంచి పడవల మీద వచ్చి ఆ దీవుల్లో స్థిరపడ్డవాళ్ల సంతతికే ఆ పేరు. అమెరికా పత్రికలు పాటించే, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ వాళ్ల రాత నియమాల పుస్తకం ‘ఏపీ స్టైల్‌బుక్’ కూడా మిగతావాళ్లని ‘హవాయి నివాసులు’ అనే రాయమంటుంది.

ఎందుకింత పట్టింపు? హవాయి ఒకప్పుడు సొంత రాజ్యం. 1893లో రాణి లిలియుఒకలానిని గద్దె దించారు, 1898లో అమెరికా కలిపేసుకుంది, 1959లో రాష్ట్రమైంది. చెరకు తోటల్లో పనికి చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్‌ల నుంచి జనం వచ్చారు. మూలవాసులు సొంత గడ్డ మీదే తక్కువైపోయారు. రాజ్యం పోయాక ఆ పేరునైనా వాళ్లకే ఉంచడం న్యాయమని నా అభిప్రాయం.

ఎప్పటినుంచో ఉంటున్నవాళ్లకి చక్కటి మాట ఒకటుంది: ‘కమఆయిన’. కమ అంటే బిడ్డ, ఆయిన అంటే నేల. ఇంకా లోతుకెళ్తే ‘ఆయిన’ అంటే ‘తిండి పెట్టేది’ అని. చాలా హోటళ్లలో హవాయి డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ఇచ్చే తగ్గింపు ధరనీ ‘కమఆయిన రేటు’ అంటారు. కొత్తగా దిగినవాళ్లయితే ‘మలిహిని’.