పరీక్షల విభాగం బాధ్యత తీసుకోమంటారా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నాకు 47 ఏళ్లు, ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు పీహెచ్‌డీ మధ్యలో ఆగి ఆలస్యంగా పూర్తయింది. ఇన్నేళ్లూ నాకు వచ్చినవి హాస్టల్ వార్డెన్, మహిళా విభాగం, కల్చరల్ కమిటీ. ఇప్పుడు పరీక్షల విభాగానికి అదనపు కంట్రోలర్‌గా రమ్మంటున్నారు. మావారు, అత్తయ్యగారు ‘ఎందుకొచ్చిన టెన్షన్’ అంటున్నారు. డిపార్ట్‌మెంట్‌లోనూ ‘మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి’ అనేవాళ్లే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తీసుకోండమ్మా. వార్డెన్ పని తక్కువదని కాదు, అర్ధరాత్రి ఏ పిల్లకి జ్వరమొచ్చినా ఆసుపత్రికి పరిగెత్తింది మీరే అయుంటారు. కానీ పెద్ద పదవులకు పేర్లు చూసేటప్పుడు ఆ కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వీసీ (వైస్ చాన్సలర్) ఎంపిక కమిటీ చదువుతో పాటు విద్యా పరిపాలనలో అనుభవానికీ తగిన ప్రాధాన్యం ఇవ్వాలని, ఆ సంగతి రాతపూర్వకంగా చూపాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల్లోనే ఉంది. పరీక్షలు, ఫైనాన్స్, రిజిస్ట్రార్ ఆఫీసు, డీన్ పదవులు ఒకరికి, హాస్టలూ రంగోలి పోటీలూ ఇంకొకరికి పోతుంటే, ఇరవై ఏళ్ల తర్వాత ‘అర్హత ఉన్న మహిళలు దొరకడం లేదు’ అనే మాట వినిపించక ఏమవుతుంది?

ఇంకో లెక్క కూడా చూడండి. పీహెచ్‌డీతో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ప్రమోషన్లన్నీ సమయానికి వచ్చినా ప్రొఫెసర్ అయ్యేసరికి నాలుగు మెట్లకి వరుసగా 4, 5, 3, 3 ఏళ్ల చొప్పున కనీసం 15 ఏళ్లు పడుతుంది. పీహెచ్‌డీ లేకపోతే ఆ మొదటి 4 ఏళ్లు 6 అవుతాయి, అసోసియేట్ కావాలంటే ఎలాగూ అది ఉండి తీరాలి. ఆపైన వీసీ పదవికి ప్రొఫెసర్‌గా 10 ఏళ్లు కావాలి, లేదా పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యా పరిపాలన సంస్థలోనో అంతే అనుభవం. 30 ఏళ్లకు ఉద్యోగంలో చేరినామె ఎక్కడా ఆగకుండా నడిస్తే 55కి అర్హురాలవుతుంది. కాన్పులు, పిల్లల చదువులు, పెద్దవాళ్ల అనారోగ్యాలు, అన్నీ ఆ మధ్యలోనే కదా! అక్కడ పోయిన ఐదేళ్లు ఆడవాళ్లకి చివర్లో పదవి రూపంలో పోతున్నాయి, నాకు బాధ కలిగించేది ఇదే. (మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలుంటే చెప్పండి: 2022 నిబంధనల ప్రకారం వాళ్లకి గడువు మీద రెండేళ్లు అదనం, ప్రసూతికో పిల్లల సంరక్షణకో 240 రోజుల వరకు సెలవు ఉంది. చాలామందికి తెలియక ఊరికే మానేస్తున్నారు.)

ఒప్పుకునే ముందు కొన్ని అడగండి. నియామకం ఉత్తర్వు రూపంలో రావాలి, నోటి మాట చాలదు. ఏ ఫైళ్ల మీద మీ సంతకం ఉంటుందో, కాన్ఫిడెన్షియల్ సెక్షన్, స్పాట్ వాల్యుయేషన్, రీవాల్యుయేషన్‌లలో ఏవి మీ చేతిలో ఉంటాయో అందులో రాయించుకోండి. ఫలితాల రోజుల్లో రాత్రి పొద్దుపోతే ఇంటికి వాహనం అడగడానికి మొహమాటపడొద్దు. వార్డెన్ పని మాత్రం ఇంకొకరికి అప్పగించాకే చేరండి, రెండూ నెత్తిన వేసుకుంటే రెండూ చెడతాయి. ఇంట్లోవాళ్ల భయంలో నిజం ఉంది, ఆ సీజన్లో తిండీ నిద్రా ఉండవు. అందుకే ఆ నెలల్లో వంట ఎవరిది, అత్తయ్యగారి మందులు ఎవరు చూడాలి అన్నది మీవారితో ఇప్పుడే తేల్చుకోండి.

ప్రశ్న: మహిళలకి ప్రత్యేకంగా యూనివర్సిటీలే ఉన్నాయి, అక్కడ వీసీలుగా మహిళలు వస్తూనే ఉన్నారు. ఇంకా వెనకబాటు ఎక్కడండీ? నేనొక డిగ్రీ కాలేజీ పాలకమండలి సభ్యుణ్ని, తెలుసుకుందామనే అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తిరుపతిలో 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మన ఆడపిల్లలకి చేసిన మేలు చాలా ఉంది. కానీ అందరూ చదివే యూనివర్సిటీల సంగతి చూడండి. బరోడాలో హంసా మెహతా 1949లోనే వీసీ అయ్యారు. దారి అప్పుడే తెరుచుకుంది అనుకుంటాం, అయినా 1920లో పుట్టిన ఢిల్లీలోని జామియా మిలియాకి తొలి మహిళా వీసీ 2019లో, అక్కడే ఉన్న 1969 నాటి జేఎన్‌యూకి (జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం) 2022లో, 1920లోనే యూనివర్సిటీ అయిన అలీగఢ్‌కి 2024లో వచ్చారు. దేశంలో ఆడవాళ్లు పాఠాలు చెప్పడం లేదా అంటే, 2021-22 ఉన్నత విద్యా సర్వేలో దాదాపు 16 లక్షల అధ్యాపకుల్లో 43 శాతం పైగా మహిళలే.

మీరు పాలకమండలిలో ఉన్నారు కాబట్టి మీ చేతిలో ఒక పని ఉంది. వచ్చే సమావేశంలో ఫైనాన్స్, కొనుగోళ్లు, పరీక్షలు, నాక్ (కాలేజీల నాణ్యతకి గ్రేడు ఇచ్చే సంస్థ) పనులు చూసే కమిటీల్లో ఎవరెవరున్నారో జాబితా తెప్పించండి. మహిళా లెక్చరర్ల పేర్లు సాంస్కృతిక కమిటీలోనే కనిపిస్తే ఎందుకని అక్కడే అడగండి, జవాబుని మినిట్స్‌లో రాయించండి.